శుక్రవారం కూల్చారు, సోమవారానికి కట్టారు!

పిల్లలూ! వంతెన కట్టేటప్పుడు నెలల తరబడి దారి మూసెయ్యటం మీరు చూచే ఉంటారు. బస్సులు చుట్టు తిరిగి పోతాయి. బడికి పోయేవారికి ఆలస్యమవుతుంది. ఆసుపత్రికి పోవలసిన రోగి సంగతి చెప్పనే అక్కరలేదు. మరి, శుక్రవారం రాత్రి పాత వంతెన కూల్చి, సోమవారం తెల్లవారేసరికి కొత్తది నిలబెట్టటం సాధ్యమేనా? సాధ్యమే!

అమెరికాలో బోస్టన్ నగరానికి ఉత్తరాన మెడ్‌ఫర్డ్ అనే ఊరున్నది. దాని గుండా పోయే 93వ నంబరు పెద్ద రోడ్డు మీద రోజూ లక్షకు పైగా వాహనాలు నడుస్తాయి. ఆ రోడ్డు మీది 14 వంతెనలు పాతబడిపోయినాయి. 2010 ఆగస్టులో ఒక వంతెనకు పైన కన్నం కూడా పడింది. మామూలు పద్ధతిలో అన్నిటినీ మార్చాలంటే కనీసం నాలుగేళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ జనం అవస్థపడవలసిందేనా?

ఇంజనీర్లు ఇట్లా ఆలోచించారు: కింది స్తంభాలను అట్లాగే ఉంచి, వాహనాలు నడిచే పైభాగాన్ని మాత్రం మార్చితే చాలు. ఆ పైభాగాన్ని రోడ్డు మీద కాక, కార్ఖానాలలో ముక్కలుగా తయారు చేయించారు. ఒక్కొక్క ముక్కలో ఉక్కు దూలాలూ, వాటి మీద కాంక్రీటు పలకా ఉంటాయి. కాంక్రీటు బాగా గట్టిపడటానికి చాలా రోజులు కావాలి గదా! ఆ రోజులన్నీ కార్ఖానాలోనే గడిచిపోయాయి. రోడ్డు మీద వాహనాలు మాత్రం యథాప్రకారం నడుస్తూనే ఉన్నాయి.

2011 వేసవిలో అసలు పని మొదలయింది. శుక్రవారం రాత్రి రోడ్డుకు ఒక పక్క మూసి, రానూపోనూ వాహనాలన్నిటినీ రెండో పక్కకు మళ్ళించేవారు. యంత్రాలు పాత పైభాగాన్ని పగలగొట్టేవి. క్రేన్లు కొత్త ముక్కలను ఎత్తి, స్తంభాల మీద వరసగా దించేవి. ముక్కల నడుమ సందులలో కొద్ది గంటలలోనే గట్టిపడే ప్రత్యేకమైన కాంక్రీటు పోసేవారు. సోమవారం ఉదయం 5 గంటలకల్లా దారి తెరవాలి. లేకపోతే పనులకు పోయే వేలాది జనం రోడ్డు మీదే ఆగిపోతారు. ఒక్క ముక్క కొలత తప్పినా అది స్తంభాల మీద సరిగా కూర్చోదు. అప్పటికప్పుడు మరొకటి తయారు చెయ్యటానికి వ్యవధి ఎక్కడిది? అందుకే కొలతలన్నీ ముందే జాగ్రత్తగా తీసుకున్నారు.

ఈ విధంగా 10 వారాంతాలలో 14 వంతెనలూ మారిపోయాయి!

ఇందులో మంత్రమేమీ లేదు. పెళ్ళివారింట కూరలు తరగటం, పప్పులు నానబెట్టటం ముందే అయిపోతేనే గదా పంక్తి వేళకు విస్తళ్ళు నిండేది! చూచేవారికి రెండు రోజుల పనే కనిపించింది. దాని వెనక నెలల తరబడి సాగిన లెక్కలూ, కొలతలూ ఉన్నాయి. ఈసారి దారిలో పెద్ద క్రేను వంతెన ముక్కను ఎత్తుతూ కనిపిస్తే, అది ఎక్కడ తయారయి వచ్చిందో అడిగి తెలుసుకోండి.