పుష్పకము ఎవరి కొరకు?

విమానము దిగినంతనే ప్రయాణము ముగియదు. ఇల్లు చేరినపుడుగదా ముగియుట! 2008 మార్చి 23వ తేదీన ప్రయాణికుల విమానములు బేగంపేటనుండి శంషాబాదునకు తరలెను. నాటినుండి మదీనాగూడ వాసులకు విమానాశ్రయము దూరమయ్యెను. 2017లో మియాపూరునకు వచ్చిన మెట్రో రైలును శంషాబాదును చేరలేదు.

కావున రోడ్డు రవాణా సంస్థవారి పుష్పకబస్సే సామాన్యునకు దిక్కు. 2019లో విద్యుద్బస్సులను ఈ మార్గములందు ప్రవేశపెట్టుట మెచ్చదగిన పని. పుష్పకమున నెందరెక్కినను మరియొకరికి చోటుండునని పెద్దలందురు. ఈ బస్సును పేరునకు తగినట్లుండవలదా?

విమానమెక్కువారెల్లరు ధనికులని తలచుట పొరపాటు. గల్ఫు దేశములందు చెమటోడ్చి మూటాముల్లెలతో అర్ధరాత్రమున దిగు కార్మికుని కష్టార్జితమునకు టాక్సీ కిరాయియే మొదటి గండి. బిడ్డను విదేశవిద్యకు సాగనంపి తిరిగివచ్చు తలిదండ్రుల సంగతియు నంతే.

ఈ విమానాశ్రయము దాదాపు 5,500 ఎకరముల నేలపై వెలసినది. అంత నేలనిచ్చిన ప్రజకు ఇల్లు చేర్చు బస్సు హక్కుగాని దయగాదు. అది రేయింబవళ్లు నడువవలెను, సామానునకు చోటుండవలెను, కూడలియొద్ద దిగినవానిని వీథి మొగకు చేర్చు చిన్నబస్సు తోడుగా నుండవలెను. అపుడే పుష్పకమను పేరు సార్థకము.