మిరప శబ్దము: పుట్టుక, దేశభేదములు

మిరియము, మిరపకాయ యను మాటలు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో నిత్యము వినఁబడునవియే. సింగరాయకొండ యంగడిలో నొకటి యడిగినవారికి వేఱొకటి యీయరు. అర్థమునం దింత స్పష్టమైన భేదమున్నను ఈ రెంటికిని మూల మొక్కటియే. ఈ సంబంధమును గుర్తింపనిచో ప్రాచీనగ్రంథములకు అర్థము చెప్పుటయందుఁ బ్రమాదము గలుగును గావున దీనిని విచారింతము.

మిరియపుఁదీఁగ మన దేశముననే, మలబారు కొండలలోఁ బుట్టినది. మిరపచెట్టునకు జన్మభూమి అమెరికాఖండము. కొలంబసు 1492లో కరీబియను దీవులఁ జేరువఱకు ఆసియా, యూరోపుఖండములవారు దాని నెఱుఁగరు. 1498లో వాస్కో డ గామా కోళిక్కోడునకు వచ్చిన పిమ్మట, పదునాఱవ శతాబ్దమునఁ బోర్చుగీసువారి వర్తకముచే నది మన రేవులఁ జేరినది. జనులు క్రొత్తకాయకుఁ గ్రొత్తపేరు వెదకలేదు. ఘాటునుబట్టి మిరియముతోఁ బోల్చి పిలిచిరి.

మిరియశబ్దముపైఁ గాయశబ్దము చేరఁగాఁ బుంప్వాదేశముచే ‘మిరియపుకాయ’ యగును. ఇదియే వ్యవహారమున ‘మిరపకాయ’ యైనదని యూహించుట యుక్తముగాఁ దోఁచుచున్నది. తమిళమున మిళగు, కాయ్ అనునవి కలిసి ‘మిళగాయ్’ అగుట యీ యూహకుఁ దోడు.

సోదరభాషలలో నీ నామము వేర్వేఱు గతులఁ బొందినది. తెలుఁగునఁ, దమిళమునఁ బాతవస్తువు పాతపేరును నిలుపుకొన్నది. కన్నడమున మెణసు మిరియము, మెణసినకాయి మిరపకాయ. సందేహము గలుగుచోట మిరియమును కరిమెణసు అందురు. మలయాళమున ముళకు అనఁగా నేఁడు సామాన్యముగా మిరపకాయయే. మిరియమును చెప్పుటకుఁ గురుముళకు, నల్లముళకు అని విశేషణము చేర్పవలసినదే. మిరియమునకుఁ బుట్టినిల్లైన దేశముననే యది తన పేరును పరాయికాయకు విడిచినది! హిందీలో ‘మిర్చ్’ రెంటికిని సామాన్యము: కాలీ మిర్చ్, లాల్ మిర్చ్. తెలుఁగు వర్తకుల నోట ‘మిర్చి’ మిరపకాయకే రూఢము.

స్పెయినుదేశమునను ఇట్టిదే జరిగినది. స్పానిషుభాషలో పిమియెంత యనఁగా మిరియము, పిమియెంతొ యనఁగా మిరపజాతికాయ; తుదియచ్చు మాత్రమే భేదము. కటలానుభాషలోఁ బెబ్రె మిరియము, పెబ్రొత్ పెద్దమిరపకాయ. మెక్సికోవారు తమ నహువాతు భాషనుండి వచ్చిన ‘చిలె’ శబ్దమును, కరీబియను దీవులలోని స్పానిషువారు టైనోభాషనుండి వచ్చిన ‘ఆహి’ శబ్దమును వాడుదురు. పెబ్రె శబ్దమునకు లాటినున పిపెర్, దానికి గ్రీకున పెపెరి, దానికి మన పిప్పలి మూలము. అనఁగా పిప్పలినామము మొదట మిరియమునకును, పిదప మిరపజాతికిని సంక్రమించినది.

ఇందువలనఁ దేలున దేమనఁగా: పదము ప్రాచీనమైనంతమాత్రమున వస్తువు ప్రాచీనము గాదు. శ్రీనాథుని కాలమునాఁటి కావ్యములలో మిరియము, మరీచము, కారము అను పదములు వచ్చినచో మిరపకాయ యని వ్యాఖ్యానింపరాదు. బాలురకు నట్లు బోధింపరాదు. 1492కుఁ బూర్వపుదని చెప్పఁబడు గ్రంథమున మిరపకాయ స్పష్టముగా వర్ణింపఁబడియున్నయెడల, ఆ భాగము ప్రక్షిప్తమో, కాలనిర్ణయమే తప్పో పండితులు పరిశోధింపవలెను.