ప్లే స్టోర్ ఒక్కటే దుకాణమా?

కోడేరు లాంటి చిన్న ఊళ్లో కొన్నా, హైదరాబాద్‌లో కొన్నా, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ డబ్బా తెరిచేసరికి ప్లే స్టోర్ అందులో సిద్ధంగా ఉంటుంది. శాంసంగ్ ఫోనైతే గెలాక్సీ స్టోర్ కూడా ఏదో మూలన ఉంటుంది గానీ దాని జోలికి పోయేవాళ్లు తక్కువ. వేరే స్టోర్ వాడకూడదని మన దేశంలో చట్టమేమీ లేదు. మరి అందరం ప్లే స్టోర్‌కే ఎందుకు పోతున్నాం?

ఈ సంగతిని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా కాస్త గట్టిగానే నిలదీసింది. ప్లే స్టోర్ కావాలంటే తన మిగతా యాప్‌లను కూడా పెట్టి అమ్మాల్సిందేనని గూగుల్ ఫోన్ కంపెనీలతో ఒప్పందం రాయించుకోవడం వంటివి తప్పని తేల్చి, 2022 అక్టోబర్ 20న గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఐదు రోజులకే ప్లే స్టోర్ చెల్లింపుల షరతుల మీద మరో 936.44 కోట్లు వేసింది (ఇది 2025 మార్చిలో అప్పీలులో 216.69 కోట్లకు తగ్గింది). మొదటి తీర్పులో జరిమానా కన్నా విలువైన ఆదేశం ఒకటుంది: ఇతర యాప్ స్టోర్లు కూడా ప్లే స్టోర్‌లో దొరకాలి. 2023 మార్చి 29న అప్పీలు ట్రైబ్యునల్ జరిమానాను నిలబెట్టింది, ఈ ఆదేశాన్ని మాత్రం కొట్టేసింది. ఫోన్ వాడేవాళ్లకు అసలు నష్టం జరిగింది అక్కడేనని నా అభిప్రాయం.

ఇండస్ యాప్‌స్టోర్‌నే చూడండి. ఫోన్‌పే సంస్థ 2024 ఫిబ్రవరి 21న దీన్ని మొదలుపెట్టింది. ఇంగ్లీషుతో పాటు 12 భారతీయ భాషల్లో పనిచేస్తుంది, వాటిలో తెలుగూ ఉంది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివే రైతుకు ఇది చిన్న సంగతి కాదు. అయితే ఆ స్టోర్ ప్లే స్టోర్‌లో దొరకదు. ఫోన్‌లో ముందే లేకపోతే వాళ్ల వెబ్‌సైట్‌కు వెళ్లి ఫైలు దించుకోవాలి. దించుకోబోతే ఇది హాని చేయవచ్చని ఫోన్ హెచ్చరిస్తుంది. సగం మంది అక్కడే వెనక్కి తగ్గినా వాళ్లను తప్పుపట్టలేం.

ఆ ఫైలునే ఏపీకే అంటారు. యాప్ తయారుచేసినవాళ్లు దానికి డిజిటల్ సంతకం పెడతారు. ఫోన్‌లో ఉన్న యాప్‌కు కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత సంతకమూ కొత్త సంతకమూ ఒకటేనా అని ఆండ్రాయిడ్ సరిచూస్తుంది, తేడా ఉంటే ఎక్కనివ్వదు. అందువల్ల అసలు బ్యాంకు యాప్ మీద దొంగ అప్‌డేట్ ఎక్కించడం దాదాపు కుదరదు. కానీ యాప్‌ను మొదటిసారి ఎక్కించేటప్పుడు ఆ సంతకం పెట్టింది దొరో దొంగో ఫోన్‌కు తెలియదు. ఆ విచారణ చేయాల్సింది స్టోర్. యాప్ పంపిందెవరు, లోపల ఏముంది అని చూడటం, మోసం బయటపడితే తీసేయడం దాని పని.

మన పల్లెల్లో చాలామందికి ఏపీకే అన్న మాట తెలిసిందే మోసాల వల్ల. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి పత్రిక అనో వాట్సాప్‌లో ఫైలు వస్తుంది. నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే అది ఎస్సెమ్మెస్‌లు చదివి ఓటీపీని దొంగకు చేరవేస్తుంది. 2024 అక్టోబర్‌లో గూగుల్ మన దేశానికి ప్రకటించిన రక్షణ దీనికోసమే. బ్రౌజర్, మెసేజింగ్ యాప్, ఫైల్ మేనేజర్ దారిన వచ్చిన యాప్ ఏదైనా ఎస్సెమ్మెస్‌లు అందుకుంటాననో, చదువుతాననో, నోటిఫికేషన్లు చూస్తాననో, తెర మీదిది చదివే యాక్సెసిబిలిటీ అనుమతి కావాలనో అడిగితే, ప్లే ప్రొటెక్ట్ అనే గూగుల్ భద్రతా ఏర్పాటు దాన్ని ఆపేస్తుంది. మంచి పనే.

కానీ ఈ భయాన్ని చూపించి ఒక్క స్టోరే ఉండాలంటే ఒప్పుకోలేం. విత్తనాల సంగతే చూడండి: కృష్ణా నది పక్కనున్న నడిగడ్డ ప్రాంతం పత్తి విత్తనాలకు పేరుపడ్డ సీమ, నకిలీ విత్తనాల దెబ్బా బాగా తెలిసిన సీమ. బిల్లు లేని విత్తనం వద్దంటారే గానీ, మండలానికి లైసెన్సు దుకాణం ఒక్కటే చాలని అక్కడ ఎవరూ అనరు. పైగా ఆ ఒక్క స్టోర్ కూడా మచ్చలేనిదేమీ కాదు. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న అప్పుల యాప్‌లలో చాలావి ప్లే స్టోర్‌లో దొరికినవే. వాటి వేధింపులకు జనం ప్రాణాలు తీసుకున్నాక, 2021 జనవరిలో గూగుల్ అలాంటివాటిని కొన్ని తొలగించింది.

డబ్బు లెక్క కూడా ఉంది. యాప్‌లో అమ్మే డిజిటల్ సరుకు మీద ప్లే స్టోర్ కమిషన్ ఏడాదికి మొదటి 10 లక్షల డాలర్ల వరకు 15 శాతం, ఆపైన 30 శాతం దాకా ఉంటూ వచ్చింది. మన దేశంలో వేరే బిల్లింగ్ పెట్టుకుంటే తగ్గించింది 4 శాతమే. ఐఫోన్‌లో ఇంకా బిగువు. యూరప్‌లో చట్టం తప్పనిసరి చేశాకే, 2024 మార్చిలో, యాపిల్ అక్కడ ఇతర స్టోర్లకు దారి ఇచ్చింది. మన ఐఫోన్లకు ఆ వెసులుబాటు లేదు. కమిషన్ భారం చివరికి కొనేవాళ్ల మీదే పడుతుంది: యూట్యూబ్ ప్రీమియంను ఐఫోన్ యాప్‌లో కన్నా వెబ్‌సైట్‌లో కొంటే చవక అన్నది ఎంతమందికి తెలుసో!

వేరే స్టోర్ కావాలనుకుంటే ఎవరో పంపిన లింకు నొక్కకండి, దాని వెబ్‌సైట్ చిరునామా మీరే టైప్ చేసి దించుకోండి. పని కాగానే సెట్టింగ్స్‌లో తెలియని యాప్‌లను ఎక్కించే అనుమతిని బ్రౌజర్‌కు తీసేయండి. వాట్సాప్‌కు ఆ అనుమతి అసలు ఉంచకండి. ఇప్పటికే మోసపోయి ఉంటే సిగ్గుపడి ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.