గడ్డకట్టిన నేల – నిపుణుల సాక్ష్యం

ఇల్లు కొనదలచినవాడు గోడలు గట్టివా, పునాది లోతుగా ఉన్నదా అని అమ్మేవాడినే అడిగి తృప్తిపడడు. తనకు తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకొని వెళ్ళి చూపిస్తాడు. అమ్మేవాడు అబద్ధమాడుతాడని కాదు. ఇంటి సొగసును చూసినంతగా అతని కన్ను గోడలోని పగులును చూడదు. ఒక ఇంటికే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, ఒక దేశపు ఉత్తరభాగంలో గనులు త్రవ్వి, రోడ్లు వేసి, పైపులైనులు పరచదలచినప్పుడు ఇంకెంత జాగ్రత్త కావాలి? అక్కడి నేలకు, నీటికి, జంతువులకు, మనుషులకు కలుగబోయే మార్పులను ముందుగా అంచనా వేసే నిపుణులు ఎవరు? వారిని నియమించేది ఎవరు? వారికి డబ్బు ఇచ్చేది ఎవరు?

ఈ ప్రశ్నలకు విజ్ఞానశాస్త్రంతో సంబంధం లేదని పైకి తోచవచ్చు. కాని కెనడా దేశపు ఉత్తర ప్రాంతంలో జరిగిన రెండు సంగతులను పరిశీలిస్తే, సరైన శాస్త్రీయ సమాధానం దొరకటమూ, దొరకకపోవటమూ వీటిమీద ఎంతగా ఆధారపడి ఉంటుందో తెలుస్తుంది.

కరగని నేల

కెనడాలోని గ్రేట్ స్లేవ్ సరస్సు వద్ద మెకంజీ నది పుట్టి, సుమారు 1,700 కిలోమీటర్లు వాయవ్యంగా ప్రవహించి, ఉత్తర ధ్రువ సముద్రంలో కలుస్తుంది. ఈ లోయలో చాలాచోట్ల నేల సంవత్సరం పొడుగునా గడ్డకట్టి ఉంటుంది. కనీసం రెండేళ్ళపాటు ఎడతెగకుండా 0 డిగ్రీల సెంటీగ్రేడు వద్దగాని, అంతకు తక్కువగాని ఉండే నేలను శాశ్వత హిమభూమి అంటారు. వేసవిలో దీని పైపొర మాత్రం కొద్దిగా కరుగుతుంది; చలికాలం రాగానే మళ్ళీ గడ్డకడుతుంది.

ఈ నేల చూడటానికి రాయివలె ఉంటుంది. కాని దాని బలమంతా అందులోని మంచుగడ్డదే. పైనున్న నాచు, గడ్డి దానికి కంబళి వంటివి. భారీ వాహనాలు నడిచి ఆ కంబళి చిరిగిపోతే వేసవి వేడి లోపలికి దిగుతుంది. మంచు కరిగి నేల బురదై కుంగిపోతుంది. వాహనాల చక్రాల జాడలు దశాబ్దాల తరబడి మాసిపోకుండా నిలిచిన చోట్లు అక్కడ ఉన్నాయి. తొందరపడి చేసిన తప్పును ఆ నేల త్వరగా మాన్పుకోలేదు. కనుకనే అక్కడ ముందుచూపు తప్పనిసరి.

వాయువును చల్లబరిచే ఉపాయం

1968 లో అలాస్కాలోని ప్రూడో బే వద్ద పెద్దయెత్తున చమురు, సహజవాయువు బయటపడ్డాయి. మెకంజీ నది ముఖద్వారం వద్ద కూడా వాయువు దొరికింది. ఈ వాయువును దక్షిణాన ఉన్న నగరాలకు చేర్చటానికి 48 అంగుళాల వ్యాసంగల పైపులైను వేస్తామని, 1974 లో కెనడియన్ ఆర్కిటిక్ గ్యాస్ పైపులైన్ అనే కంపెనీ అనుమతి కోరింది. కొన్ని పెద్ద కంపెనీలు కలిసి ఏర్పరచుకొన్న సంస్థ ఇది.

పైపును నేలలో పాతిపెట్టి అందులో వెచ్చని వాయువును పంపితే చుట్టూ ఉన్న మంచు కరుగుతుంది. అందుచేత వాయువును 0 డిగ్రీలకంటె తక్కువకు చల్లబరిచి పంపుతామన్నారు కంపెనీ ఇంజనీర్లు. హిమభూమి దట్టంగా పరచుకొన్న ఉత్తరభాగంలో ఇది చక్కని ఉపాయమే. కాని దక్షిణానికి వచ్చేకొద్దీ హిమభూమి ఎడతెగి, మధ్యమధ్య గడ్డకట్టని తడినేల తగులుతుంది. అక్కడ చల్లని పైపు తన చుట్టూ ఉన్న తడినేలను గడ్డకట్టిస్తుంది. చిక్కు ఇక్కడే వచ్చింది.

నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు నూటికి 9 వంతులు పెరుగుతుందని విద్యార్థులు చదువుకొన్నదే. నేలలో జరిగేది దీనితో ఆగదు. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు, సన్నని రేణువులుగల మన్ను దూరాన ఉన్న నీటిని కూడా గడ్డకడుతున్న చోటికి లాగుతుంది. ఆ నీరు పొరలు పొరలుగా మంచు పలకలై పేరుకొంటుంది. ఈ పలకలు దళసరి అయ్యేకొద్దీ పైనున్న మట్టినీ, దానితోపాటు పైపునూ ఎత్తివేస్తాయి. నేల అంతటా సమానంగా లేస్తే అపాయం తక్కువే. ఒకచోట లేచి పక్కచోట లేవకపోతే పైపు వంగి పగులవచ్చు.

పైపుమీద తగినంత బరువు ఉంటే ఈ లేవటం ఆగుతుందని కంపెనీ చెప్పింది. లోతుగా పాతటంవల్లనో, పైన మట్టికట్ట పోయటంవల్లనో ఆ బరువు సమకూరుతుందన్నది. ఎంత ఒత్తిడి చాలునో ప్రయోగశాలలో కొలిచి లెక్కలు చూపించింది.

జీతమిచ్చేది ఎవరు?

ఈ పథకంవల్ల కలిగే మంచిచెడ్డలను విచారించటానికి కెనడా ప్రభుత్వం 1974 మార్చిలో న్యాయమూర్తి థామస్ బర్జర్‌ను నియమించింది. ఆయన శాస్త్రజ్ఞుడు కాడు. అయినా శాస్త్రజ్ఞుల మాటలలోని నిజాన్ని ఎట్లా రాబట్టాలో ఎరిగినవాడు.

ఆయన ముందుకు వచ్చిన నిపుణులు అనేక రకాలవారు. కంపెనీ తరఫున వచ్చినవారు కొందరు. దరఖాస్తును పరీక్షించటానికి ప్రభుత్వం ఏర్పరచిన బృందంవారు మరికొందరు. వీరుకాక ఎన్విరాన్‌మెంట్ ప్రొటెక్షన్ బోర్డు అనే సంఘం ఒకటి ఉండేది. 1970 లో ఏర్పడిన ఈ సంఘానికి కార్సన్ టెంపుల్టన్ అనే ఇంజనీరు అధ్యక్షుడు. దాని ఖర్చును పైపులైను కంపెనీవారే భరించారు. కాని తాను కనుగొన్నదానిని స్వతంత్రంగా ప్రకటించే హక్కు ఆ సంఘానికి ఉన్నది. డబ్బు ఒకరిదైనా నోరు మాత్రం తనదిగా ఉంచుకోవచ్చునని ఈ ఏర్పాటు చూపించింది.

అయినా ఇంకొక లోటు మిగిలింది. ఆ లోయలో తరతరాలుగా నివసిస్తున్న డెనే, ఇనూయిట్ ప్రజలకు, మెటిస్ అనే మిశ్రమజాతి వారికి, పర్యావరణ సంఘాలకు నిపుణులను పెట్టుకొనే స్తోమతు లేదు. కంపెనీ పక్షాన పదిమంది ఇంజనీర్లు నిలబడి మాట్లాడుతుండగా, వారిని ప్రశ్నించవలసినవారికి ఒక్క ఇంజనీరైనా లేకపోతే ఆ విచారణ ఏకపక్షమే అవుతుంది. అందుచేత బర్జర్ సిఫారసు మీద ప్రభుత్వం ఈ సంఘాలకు సుమారు 17 లక్షల 70 వేల డాలర్లు ఇచ్చింది. ఊరికే పంచిపెట్టలేదు. కాపాడవలసిన ప్రయోజనం స్పష్టంగా ఉన్నదా, దానిని వేరుగా వినిపించటం విచారణకు ఉపయోగమా, సంఘం ఇంతకుముందు ఆ విషయంలో పాటుపడినదా, దానికి సొంత వనరులు లేవా, డబ్బుకు లెక్క చెప్పగలదా అని చూసిన తరువాతనే ఇచ్చారు. తమవద్ద ఉన్న అధ్యయనాలను అన్ని పక్షాలవారూ విచారణ ముందు ఉంచాలన్నది ఇంకొక నియమం.

పరికరంలోని లోపం

ఈ శ్రమకు ఫలితం ఏమిటో నేల లేచే సమస్యలోనే కనబడింది. కంపెనీ చూపిన లెక్కలను ఇతర నిపుణులు బహిరంగంగా ప్రశ్నించారు. ప్రయోగశాలలోని చిన్న మట్టి ముద్ద చూపిన గుణాన్ని వందల కిలోమీటర్ల నేలకు వర్తింపజేయవచ్చునా అన్నది వారి సందేహం. ఈ వాదం సాగుతూ ఉండగా, 1976 లో విచారణ ముగింపుకు వస్తున్న రోజుల్లో, కంపెనీ లెక్కలకు ఆధారమైన ప్రయోగపరికరంలోనే లోపం ఉన్నదని తేలింది. పరికరం తప్పుగా చూపిన ఒత్తిడిని నమ్మి, తక్కువ బరువే చాలునని అనుకొన్నారు. ఆ బరువు నిజానికి చాలదు.

ఇందులో మోసం లేదు. ఏ ప్రయోగశాలలోనైనా పరికరం చెడిపోవచ్చు. కాని ఆ పరికరాన్ని నమ్మి గొయ్యి త్రవ్వి ఉంటే తప్పు బయటపడేది ప్రయోగశాలలో కాదు, పగిలిన పైపు దగ్గర. ఇంత ముఖ్యమైన సమస్య ఇంకా తేలకుండానే పథకాన్ని ఆమోదించమనటం సబబు కాదని బర్జర్ అభిప్రాయపడ్డాడు.

వేటగాడు కూడా సాక్షియే

యెల్లోనైఫ్ పట్టణంలో నిపుణుల సాక్ష్యం సుమారు 300 మంది నుండి విన్నారు. అంతటితో చాలించక బర్జర్ 35 ఊళ్ళకు స్వయంగా వెళ్ళాడు. గుడారాలలో, సంతశాలలలో, వేట శిబిరాలలో కూర్చొని, ప్రజలు తమ తమ భాషలలో చెప్పినదానిని దుబాసీల సహాయంతో విన్నాడు. ఆ ఊళ్ళలో మాట్లాడినవారు సుమారు వెయ్యిమంది.

వేసవిలో తెల్లతిమింగలాలు మెకంజీ నది ముఖద్వారంలోని వెచ్చని, లోతులేని నీటికి గుంపులుగా వస్తాయి. కారిబూ అనే ధ్రువపు దుప్పులు, ఆ రోజుల్లో సుమారు లక్ష, ప్రతి సంవత్సరం యూకాన్, అలాస్కాల ఉత్తరతీరానికి వచ్చి ఈనుతాయి. ఏ నెలలో ఏ దారిన వస్తాయో, ఏ చప్పుడుకు బెదురుతాయో అక్కడి వేటగాళ్ళకు తెలుసు. రెండు మూడు వేసవులు మాత్రమే గడిపిన జీవశాస్త్రజ్ఞునికి దొరకని వివరాలు ఇవి. తమ వేటదారులను, వలలు వేసే చోట్లను వారు పటాలమీద గీసి చూపించారు. వేటగాని అనుభవమూ, జీవశాస్త్రజ్ఞుని కొలతలూ ఒకదానినొకటి సరిచూసుకొన్నాయి.

ఇంకొక మేలు కూడా కలిగింది. ఒక నిపుణుడు చేపలను చూస్తాడు, ఒకడు మట్టిని చూస్తాడు, ఒకడు కంకరను లెక్కకడతాడు. ఎవరికి వారు, తమ భాగంలో ప్రమాదం కొంచెమే అనవచ్చు. వాయువు పైపు వెంట చమురు పైపు, దాని వెంట రోడ్డు, రోడ్డు వెంట జనం వస్తే ఆ కొంచెాలన్నీ కలిసి ఎంత అవుతాయి? ఆ ఊళ్ళవారు అడిగినది ఈ కూడిక గురించే. తమ జీవితం వారికి శాస్త్రాలవారీగా ముక్కలై కనపడదు.

తీర్పు, తరువాతి కథ

1977 మే నెలలో బర్జర్ నివేదిక వెలువడింది. ఉత్తర యూకాన్ తీరం మీదుగా ఎన్నడూ పైపులైను వేయరాదన్నాడు. మెకంజీ లోయలో పైపులైను వేయటం సాధ్యమే కాని, అక్కడి ప్రజల భూమిహక్కుల సంగతి తేలేవరకు, పదేళ్ళపాటు ఆగాలన్నాడు. ఆ కంపెనీ పథకం ఆగిపోయింది. 1984 లో ఉత్తర యూకాన్‌లో జాతీయ వనం ఏర్పడింది. 1985 లో నార్మన్ వెల్స్ నుండి దక్షిణానికి ఒక చిన్న చమురు పైపులైను పూర్తయింది. లోయవెంట పెద్ద వాయువు పైపులైనుకు 2011 లో ప్రభుత్వపు అనుమతి లభించింది. కాని గిట్టుబాటు కాదని కంపెనీలు 2017 లో దానిని విరమించుకొన్నాయి.

బర్జర్ నేర్పిన పాఠం చట్టంలోకి కూడా ప్రవేశించింది. 1998 నాటి చట్టం ప్రకారం మెకంజీ లోయలో పర్యావరణ ప్రభావాలను పరిశీలించటానికి ఒక బోర్డు ఏర్పడింది. దాని సభ్యులలో సగంమంది స్థానిక ప్రజల సంస్థలు సూచించినవారు. కంపెనీ నివేదికను సరిచూడటానికి ఈ బోర్డు తన సొంత నిపుణులను నియమించుకోవచ్చు.

పని ముగిసినా కావలి ముగియదు

రెండవ సంగతి యెల్లోనైఫ్ పక్కనే ఉన్న జయంట్ బంగారు గనిది. అది 1948 లో ప్రారంభమైంది. అక్కడి ముడిఖనిజంలో బంగారం ఆర్సెనిక్‌తో కలిసి ఉండేది. ఖనిజాన్ని కాల్చినప్పుడు ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ అనే విషపుపొడి పొగతోపాటు లేచి చుట్టూ పడేది. 1951 లో ఆ పొడి కలిసిన మంచునీరు త్రాగి ఒక పసిబిడ్డ మరణించింది. తరువాత పొడిని పట్టి భూగర్భంలోని గదులలో నింపసాగారు. గని మూతపడేసరికి అక్కడ 2,37,000 టన్నుల విషం పోగుపడింది. ఇది నీటిలో కరుగుతుంది. దగ్గరనే పెద్ద సరస్సు ఉన్నది.

ప్రభుత్వం సూచించిన మార్గం ఆ గదుల చుట్టూ ఉన్న రాతిని గడ్డకట్టించి, ఎప్పటికీ అట్లాగే ఉంచటం. పైపులైను విషయంలో చిక్కు తెచ్చిపెట్టిన చలి ఇక్కడ కావలివాడుగా మారింది. కాని "ఎప్పటికీ" అన్నమాటకు ఏ ఇంజనీరు పూచీ పడగలడు? పైన చెప్పిన బోర్డు పరిశీలించి 2013 లో తన నివేదిక ఇచ్చింది. ఈ ఏర్పాటును నూరేళ్ళకు మించిన పరిష్కారంగా భావించరాదనీ, ప్రతి ఇరవై ఏళ్ళకు స్వతంత్రులచేత పునఃపరిశీలన జరిపించాలనీ, శాశ్వత పరిష్కారం కోసం పరిశోధన సాగించాలనీ, ప్రభుత్వానికి లోబడని పర్యవేక్షక సంఘం ఉండాలనీ అన్నది. అట్టి సంఘం 2015 లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏర్పడింది. ఇక్కడ గనిని శుభ్రపరిచేది ప్రభుత్వమే. కనుక ప్రభుత్వం నియమించిన నిపుణులను సరిచూడటానికి కూడా మరొకరు అవసరమయ్యారు.

ఏమి అడగాలి?

ఏ నిపుణుని నివేదిక చేతికి వచ్చినా విద్యార్థి నాలుగు ప్రశ్నలు వేసుకోవటం మంచిది. ఈ నిపుణునికి ప్రశ్నను అందించినది ఎవరు? అతడు కనుగొన్నది అందరికీ చెప్పే స్వేచ్ఛ అతనికి ఉన్నదా? అతని లెక్కను తప్పు పట్టగలిగిన మరో నిపుణునికి అవకాశం ఇచ్చారా? ఆ చోట నివసించేవారి మాట విన్నారా?

నిపుణులు లేకుండా మంచుపలకలు పైపును ఎత్తివేస్తాయని ఎవరికీ తెలిసేది కాదు. ప్రశ్నించేవారు లేకపోతే, కొలిచిన పరికరమే తప్పుగా కొలుస్తున్నదని కూడా సకాలంలో తెలిసేది కాదు. మొదటిదానికి డబ్బు ఖర్చుపెట్టటానికి అన్ని దేశాలూ సిద్ధంగానే ఉంటాయి. రెండవదానికి కూడా ఖర్చుపెట్టటమే మెకంజీ లోయలో జరిగిన విశేషం.