‘బ్యాకప్ ఉందండీ!’

2022 నవంబరు 23 ఉదయం ఢిల్లీ ఎయిమ్స్‌లో ఈ-హాస్పిటల్ సర్వర్లు మొరాయించాయి. ఓపీ చీటీలు చేత్తో రాయాల్సి వచ్చింది. ల్యాబ్ పరీక్షలు, అడ్మిషన్లు, డిశ్చార్జిలు, బిల్లులు అన్నీ కాగితాల మీదికి వచ్చిపడ్డాయి. అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల డేటాకు దుండగులు తాళం వేశారని కేంద్రం తర్వాత పార్లమెంటుకు చెప్పింది. నెట్‌వర్కును సరిగ్గా విడదీసి పెట్టకపోవడమే కారణమంది. ఇంకో మాట కూడా చెప్పింది: దాడి తగలని బ్యాకప్ సర్వర్ ఒకటి మిగిలింది, ఈ-హాస్పిటల్ డేటా అంతా దాన్నుంచే తిరిగొచ్చింది.

అంటే, బ్యాకప్ ఉంది. ఉన్నా సేవలు మళ్లీ కంప్యూటర్ ఎక్కడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. డేటా దొరకడం వేరు, ఆసుపత్రి నడవడం వేరు.

ఈ ప్రమాదం తెలియని సంస్థ ఇప్పుడు లేదు. 2017లో డేటాకు తాళం వేసి డబ్బు గుంజే వనాక్రై ర్యాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకూ తగిలింది. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ర్యాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి. అలాంటి వార్త పేపర్లో పడ్డ రోజు ఎండీగారు ఐటీ కుర్రాణ్ని పిలుస్తారు. ‘‘మనకు బ్యాకప్ ఉందిగా?’’ ‘‘ఉందండీ.’’ అబద్ధమేం కాదు, రోజూ రాత్రి ఏదో ఒకటి కాపీ అవుతూనే ఉంటుంది. ‘‘చివరిసారి దాన్ని తెరిచి చూసిందెప్పుడు?’’ అని మాత్రం ఎవరూ అడగరు.

అడగకపోతే ఏమవుతుందో 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్‌కు తెలిసొచ్చింది. ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సంస్థ అది. అక్కడివాళ్లకు కంప్యూటర్లు తెలియవనడానికి లేదు. దాడేమీ జరగలేదు. ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్లో డేటాబేస్ ఫోల్డర్‌ను ఓ ఇంజినీరు తుడిచేశాడు. పోనీ బ్యాకప్ నుంచి తెచ్చుకుందామని వెళితే, రోజువారీ కాపీలు ఉండాల్సిన చోటు ఖాళీ! కాపీ తీసే ప్రోగ్రామ్ వెర్షన్‌కూ డేటాబేస్ వెర్షన్‌కూ కుదరక ఆ పని జరగడమే లేదు. జరగలేదని హెచ్చరిక మెయిళ్లు వెళుతూనే ఉన్నాయి. వాటికి డిజిటల్ సంతకం లేదని మెయిల్ సర్వర్ తిప్పికొడుతూనే ఉంది. అయిదు రకాల ఏర్పాట్లుంటే ఏదీ సరిగ్గా పనిచేయలేదని సంస్థే బాహాటంగా ఒప్పుకుంది. ఆరు గంటల ముందు వేరే పని కోసం ఓ ఇంజినీరు తీసిపెట్టిన కాపీ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు.

మన ఊళ్లో రైసుమిల్లు ఆఫీసుకో, ఆడిటర్‌గారి దగ్గరికో వెళ్లి చూడండి. ట్యాలీ నడిచే సిస్టమ్ వెనక ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్, దానిమీద స్కెచ్‌పెన్‌తో ‘బ్యాకప్’ అని చీటీ. ఏడాది పొడుగునా ప్లగ్ చేసే ఉంటుంది. ఇనప్పెట్టె తాళంచెవిని ఆ పెట్టెకే వేలాడదీయడం ఇది. సిస్టమ్‌లో దూరిన ర్యాన్సమ్‌వేర్‌కు అది ఇంకో డ్రైవ్, అంతే. ‘‘మాది క్లౌడ్‌లో ఉంది’’ అనేవాళ్లదీ తరచూ ఇదే కథ. ఇక్కడ ఫైలు పాడవగానే అక్కడా పాడైన ఫైలే చేరుతుంది. పాత వెర్షన్లు దాచే సదుపాయం ఆన్‌లో ఉంటే అదృష్టం. పైగా, ఇప్పటి ముఠాలు తాళం వేసేముందు బ్యాకప్ ఎక్కడుందో వెతికి మరీ చెరిపేస్తున్నాయి.

డబ్బు ఖర్చని వెనకాడతారన్నది సగం నిజం. మిగతా సగం ఆఫీసు రాజకీయం. కొత్త యాప్ తెస్తే ప్రారంభోత్సవం, ఫొటోలు. బ్యాకప్ సరిగ్గా నడిస్తే ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు ఎవరికీ ఇంక్రిమెంట్ రాదు. ఇక రీస్టోర్ చేసి చూడాలంటే ఖాళీ సర్వర్ కావాలి, ఓ ఆదివారం కావాలి, పైవాళ్ల అనుమతి కావాలి. అన్నీ దొరికి తీరా డేటా తిరిగి రాకపోతే ‘నువ్వేం ముట్టుకున్నావ్?’ అని ఆ కుర్రాణ్నే నిలదీస్తారు. ముట్టుకోకుండా ఊరుకుంటే ఉద్యోగం పదిలం. నా లెక్కలో ఈ నిర్లక్ష్యానికి అన్నిటికంటే బలమైన కారణం ఇదే. దీన్ని కుర్రాడి సోమరితనం కింద జమకట్టడం అన్యాయం.

‘అంతగా వస్తే డబ్బు కట్టేద్దాం’ అనుకునేవాళ్లూ ఉన్నారు. 2021 మేలో అమెరికాలో ఇంధనం సరఫరా చేసే కొలోనియల్ పైప్‌లైన్ సంస్థ ర్యాన్సమ్‌వేర్ ముఠాకు 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు 44 లక్షల డాలర్లు కట్టింది. ముఠా ఇచ్చిన తాళం తీసే ప్రోగ్రామ్ నత్తనడక నడవడంతో చివరికి సొంత బ్యాకప్‌లనే ఆశ్రయించింది.

బ్యాంకులకైతే బ్యాకప్‌ను తెరిచి చూసుకోక తప్పదు. కీలక వ్యవస్థలకు కనీసం ఆరు నెలలకోసారి డిజాస్టర్ రికవరీ డ్రిల్ చేయాలనీ, బ్యాకప్ తీసిన డేటాను అప్పుడప్పుడూ రీస్టోర్ చేసి పనికొస్తుందో లేదో చూడాలనీ 2024 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు ఆదేశాలు చెబుతున్నాయి. రైసుమిల్లుకు అంత హంగామా అక్కర్లేదు. నెట్ తీసేసిన పాత ల్యాప్‌టాప్‌లో పోయిన వారం కాపీ ఎక్కించి, కిందటి మార్చి లెడ్జర్ తెరుచుకుంటుందేమో, ఎంతసేపు పడుతుందో చూస్తే చాలు. ఓ మధ్యాహ్నం పని. ఆ పూట ఓ మనిషిని ఈ పనికి వదలడానికి ఓనర్‌గారు ఒప్పుకోవాలి, లెడ్జర్ తెరుచుకోకపోతే చూపించినవాణ్ని తిట్టకుండా ఉండాలి.