ముందు పార – తర్వాత పౌడరు

కర్నూలు, కడప అనగానే మీకు ఏం గుర్తుకొస్తుంది? ఎండిన చెరువులు, వాన కోసం ఆకాశంకేసి చూసే రైతులు. అవునా? మరి ఆ కరువు సీమను వరద ముంచెత్తిందంటే నమ్ముతారా?

2009లో అదే జరిగింది. ఆ ఏడు వానలు సరిగా పడలేదు. సెప్టెంబరు చివర మాత్రం కుండపోతగా కురిశాయి. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి, అవి కలిసే చోట ఉన్న కర్నూలు నగరాన్ని ముంచాయి. మంత్రాలయం కూడా మునిగింది. దిగువన శ్రీశైలం జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. అంటే సెకనుకు సుమారు 7 కోట్ల లీటర్లు! 2021 నవంబరు 19న నాటి కడప జిల్లాలో, చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి వంటి గ్రామాల్లో ఇసుక మేటలు వేసింది.

వరద తీసిందంటే కష్టాలు తీరినట్లేనా? కాదు. ఇంటినిండా బురద, వీధిలో చచ్చిన పశువులు. అలాంటప్పుడు ముందుగా వచ్చేది ఇరుగుపొరుగు ఊళ్ళవాళ్ళే. అన్నం పొట్లాలు, మంచినీళ్ళు, బట్టలు తెస్తారు. తర్వాత పారలు, గంపలు పట్టుకుంటారు. ఈ పారపనిలో ఎంత విజ్ఞానం ఉందో ఒక చేదబావి దగ్గర నిలబడి చూద్దాం.

వరదనీరు చేరిన బావిలో కలరా, టైఫాయిడ్, విరేచనాలు కలిగించే సూక్ష్మజీవులు ఉండవచ్చు. వాటిని చంపేది బ్లీచింగ్ పౌడరులోని క్లోరిన్. ఎంత పౌడరు కావాలి? లెక్క మీరే కట్టండి. బావి వ్యాసం 2 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అనుకుందాం. వ్యాసార్ధం 1 మీటరు. 3.14 × 1 × 1 × 4 = 12.56 ఘనపు మీటర్లు, అంటే 12,560 లీటర్లు. మామూలు రోజుల్లో 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి పౌడరు సరిపోతుంది. ఈ బావికి 31 గ్రాములు చాలు.

వరద బావికి మాత్రం ఇది చాలదు. ఎందుకని? క్లోరిన్‌కు సూక్ష్మజీవి ఏదో, బురదలోని కుళ్ళిన ఆకు ఏదో తెలియదు. రెండింటితోనూ కలిసి ఖర్చయిపోతుంది. సూక్ష్మజీవుల దాకా వచ్చేసరికి మిగలదు! అందుకే ముందు మురికినీరు తోడెయ్యాలి, పూడిక తియ్యాలి, గోడలు రుద్ది కడగాలి. ఊటనీరు చేరాకే పౌడరు. దాన్ని బకెట్టు నీళ్ళలో కలిపి, సున్నం అడుగుకు దిగాక, పైన తేరిన నీటినే బావిలో కలపాలి.

గంట ఆగి, నమూనా నీటిలో క్లోరిన్ పరీక్షకు వాడే డి.పి.డి. బిళ్ళ వేస్తారు. గులాబిరంగు వస్తే క్లోరిన్ మిగిలినట్లు. రంగు చిక్కదనాన్ని బట్టి లీటరుకు కనీసం 0.5 మిల్లీగ్రాము ఉందో లేదో చూస్తారు. తక్కువైతే మళ్ళీ కలపవలసిందే. తగినంత క్లోరిన్ తేలేదాకా ఆ నీళ్ళు తాగకూడదు.

చూశారా! పార పట్టిన చేతులు లేకపోతే మందు కూడా వృథాయే. బావిలో దిగడం, పౌడరు కలపడం పెద్దల పని. మీరు చెయ్యగలిగినదీ ఉంది. ఈ సెలవు రోజున మీ వీధిలోని బావి వ్యాసం, నీటి లోతు పెద్దల సాయంతో కొలిచి, లెక్కకట్టి నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. కరువు సీమలోనైనా, ఆ లెక్క ఏదో ఒకనాడు మీ ఊరికి అక్కరకు రావచ్చు.