సిటీ రొదలోంచి పుట్టిన సాక్సాఫోన్ పాట

సాక్సాఫోన్ అనంగానే మనోళ్ళకి గుర్తొచ్చేది పెళ్ళి ఊరేగింపే. ఎర్ర కోటు ఏసుకుని, ట్యూబులైట్ల ఎలుగులో చెమటలు కారతా సినిమా పాట వాయించే బ్యాండుమేళపాయన. ఆయన చేతిలో ఉండే ఆ వాద్యానికే అమెరికాలో జాన్ ఆడమ్స్ అనే సంగీతకారుడు దరిదాపు అరగంట సాగే కన్సర్టో రాశాడు.

కన్సర్టో అంటే కంగారు పడబాకండి. మన బుర్రకథ చూడండి. నడిమిన కథకుడు, అటూ ఇటూ వంతలు. కన్సర్టోలో కథకుడు ఒక్క వాద్యం, వంతలు ఆర్కెస్ట్రా మొత్తం. పదుల మంది ఉంటారు. కాకపోతే ఈ వంతలు ఊరికే తందాన అనరు. ఒకచోట ఎత్తుకుంటారు, ఒకచోట అడ్డం తగులుతారు, ఇంకోచోట తరుముతారు. అంతమంది మధ్యలో ఒక్కడి గొంతు నిలబడుద్దా లేదా, అదే అందులో కథ.

ఆడమ్స్ 2009లో లాస్ ఏంజెలెస్ నగరం మీద 'సిటీ నోయిర్' అని ఆర్కెస్ట్రాకి రాశాడు. 1940, 50ల నాటి నలుపు తెలుపు నేర కథల సినిమాలు, వాటిల్లో కనపడే రాత్రి నగరం, అదీ దానికి మూలం. అందులో సాక్సాఫోన్‌కి గట్టి పనే పెట్టాడు. టిమోతీ మెకలిస్టర్ అనే ఆయన దాన్ని వాయించిన తీరు చూసి, ఈయన కోసమే ఇంకోటి రాయాలని మొదలుపెట్టాడు. అదే ఈ కన్సర్టో. 2013 ఆగస్టులో సిడ్నీలో మొదటిసారి వినిపించారు. వింటే జాజ్ వాళ్ళు అప్పటికప్పుడు అల్లినట్టే ఉంటది గానీ, సాక్సాఫోన్ పలికేదంతా కాయితం మీద రాసిందే!

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. ఆడమ్స్ వాళ్ళ నాయన 1930ల్లో డాన్సు బ్యాండ్లలో ఆల్టో సాక్సాఫోన్ వాయించినోడు. అంటే మన బ్యాండుమేళపోళ్ళ లాంటి బతుకే. కొడుకు ఆ వాద్యాన్ని తీసుకెళ్ళి పెద్ద హాల్లో ఆర్కెస్ట్రా ముందు నిలబెట్టాడు.

మనకాడ ఆ దారి లేదా? ఉంది. అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్న ఈ వాద్యం పట్టాళం బ్యాండ్ల చేతికి పోయింది. మైసూరు ప్యాలెస్ బ్యాండులో దాన్ని విని కద్రి గోపాల్‌నాథ్ కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. ఆయన తండ్రి నాదస్వరం వాయించేవాడు. ఆశ్చర్యమేమీ లేదు. సాక్సాఫోన్ ఒళ్ళు ఇత్తడే గానీ, పలికేది మూతికాడ ఉండే రెల్లు ముక్కే. మన సన్నాయిలో పలికేదీ ఆ జాతి గడ్డి ముక్కే.

చిలకలూరిపేట చుట్టుపక్కల నాదస్వరానికి ఎంత పేరుందో చెప్పక్కర్లా. అది నిలబెట్టింది నాయీబ్రాహ్మణులు, దూదేకుల, ముస్లిం కుటుంబాలు. గుళ్ళో వాళ్ళ పాట కావాల, పెళ్ళిలో వాళ్ళ పాట కావాల, బంతికాడ మాత్రం ఆఖర్న పిలుస్తారు. ఇప్పుడు ఆ పిలుపు కూడా డీజే పెట్టెలకే పోతంది. చెవులు చిల్లులు పడే ఆ పెట్టెకి పోసే డబ్బులో సగం కూడా, రాత్రంతా ఊపిరి ఊదే మనిషికియ్యడానికి మనకి చేతులు రావు.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, మాచర్ల రైలు, నరసరావుపేట బస్టాండు, కోటప్పకొండ ప్రభల రాత్రి... వీటికీ ఒక రొద ఉంది. దాన్ని రాసేవాడు ఏ ఇంట్లోంచి రావాలంటే, నా మటుకు నేను ఆ బ్యాండు కోటు తగిలించున్న ఇంటివైపే చూస్తా. ఆ పిల్లోడికి స్వరం రాయడం నేర్పే బడి యాడుంది?

ఈ రెండు రచనలూ ఒకే ఆల్బంగా 2014లో వచ్చినయ్. వాయించింది సెయింట్ లూయిస్ సింఫనీ. ఫోన్‌లో దొరుకుద్ది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కన్సర్టో రెండో భాగం ముందు వినండి. చిన్నది, అంతా పరుగే.